వెల్లుల్లి, లవంగం, జామాకు, పసుపు: నోట్లో ఏది ఎంతవరకు పని చేస్తుంది, ఎలా వాడాలి

మీరు అడిగినవి మూడు. అమ్మగారికి షుగర్ ఉంది, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. మీకు కింది దవడలో పిప్పి పన్ను, రాత్రిళ్లు సలుపుతోంది. అమ్మమ్మగారికి కట్టుడు పళ్ల కింద అంగిలి ఎర్రబడి మండుతోంది. వెల్లుల్లి, లవంగం, జామాకు, పసుపు, కొబ్బరి నూనె అంటూ తలా ఒకటి చెప్పారు. వీటిలో నిజంగా క్రిములను చంపేవి ఏవి, ఎంత మోతాదులో వాడాలి అన్నది మీ ప్రశ్న.

చంపుతాయా అంటే చంపుతాయి. ల్యాబులో పెట్టి చూస్తే మీరు చెప్పిన ప్రతి ఒక్కదానికీ నోటి క్రిముల మీద ఎంతో కొంత ప్రభావం ఉంది. చిక్కంతా ఆ తర్వాతే. మందు క్రిమి ఉన్న చోటికి చేరాలి, చేరినప్పుడు చాలినంత చిక్కగా ఉండాలి, చాలినంత సేపు అక్కడ నిలవాలి. మీ ఇంట్లో ముగ్గురికీ క్రిములు ఉన్న చోటు వేరు. అమ్మగారికి చిగురు అంచున, మీకు పంటి లోపల, అమ్మమ్మగారికి కట్టుడు పళ్ల ప్లేటులో. అందుకే ఒకే కషాయం ముగ్గురికీ సరిపోదు.

ముందు పాచి సంగతి తెలియాలి. పొద్దున లేవగానే నాలుకకు తగిలే జిగురు పొర తిండి తాలూకు మడ్డి కాదు, బతికున్న క్రిముల గూడు. పళ్లు పుచ్చడానికి ముఖ్య కారణమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బ్యాక్టీరియాను 1924లో లండన్‌లో కిలియన్ క్లార్క్ పుచ్చిన పళ్ల నుంచి వేరు చేశాడు. చక్కెర దొరికితే అది రెండు పనులు చేస్తుంది. ఒకటి ఆమ్లం వదలడం: పంటి మీద పీహెచ్ (ఆమ్లం కొలత, అంకె తగ్గే కొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కంటే కిందికి జారితే ఎనామెల్, అంటే పంటి పై గట్టి పొర, కరగడం మొదలవుతుంది. రెండోది గ్లూకాన్ అనే జిగురు అల్లుకోవడం. ఆ జిగురులో కూర్చున్న బ్యాక్టీరియాను చంపాలంటే, విడిగా నీళ్లలో తేలుతున్న అదే బ్యాక్టీరియాను చంపే మోతాదుకు పదుల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు కావాలి. పాచి తీయకుండా పైపైన ఏ కషాయం పుక్కిలించినా పై వరస మాత్రమే చస్తుంది. బ్రష్‌తో పొర చెదిరాక పుక్కిలిస్తే, అదే కషాయం మెరుగ్గా పని చేస్తుంది.

ఇంటర్నెట్‌లో "ఫలానా ఆకు రసం 20 మిల్లీమీటర్ల వలయం ఇచ్చింది" అని రాసినవి మీరు చదివే ఉంటారు. ఆ వలయం అంటే, క్రిములు పెంచిన అగర్ అనే జెల్లీ పలకలో చిన్న గుంట చేసి, అందులో రసం పోసి, ఒక రోజంతా ఉంచాక గుంట చుట్టూ క్రిములు పెరగని మేర. నోట్లో మీరు పుక్కిలించేది ఒక నిమిషం. పైగా ఆ వలయం మందు బలాన్నే కాదు, ఆ మందు అగర్‌లో ఎంత దూరం పాకిందో కూడా చూపిస్తుంది. నీళ్లలో కరగని పసుపు లాంటివి పాకలేక చిన్న వలయం ఇస్తాయి, సులువుగా పాకేవి బలం తక్కువైనా పెద్దది ఇస్తాయి. రసం తీసిన ఆల్కహాలే క్రిములను ఆపిందా అని విడిగా చూడని పరీక్షను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. మోతాదు కూడా గమనించండి. మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాముల ఎండు సారం వాడారంటే లీటరుకు 25 గ్రాములు. వంద గ్రాముల ఎండు ఆకు నుంచి పది గ్రాముల సారం దిగుతుందనుకుంటే, లీటరు నీళ్లకు పావు కిలో ఎండు ఆకు కావాలి. ఇంట్లో ఎవరూ అంత చిక్కగా కాచరు.

ఈ లెక్క వెల్లుల్లికి వేసి చూపిస్తాను, ఎందుకంటే దాన్ని నమ్మి నోరు కాల్చుకునేవాళ్లు ఎక్కువ. వెల్లుల్లిలో క్రిములను చంపేది అల్లిసిన్. 1944లో కావలిటో, బెయిలీ అనే ఇద్దరు అమెరికాలో దీన్ని వేరు చేశారు. చెక్కుచెదరని రెబ్బలో అల్లిసిన్ ఉండదు. అల్లిన్ అనే ముడి పదార్థం ఒక గదిలో, అల్లినేజ్ అనే ఎంజైమ్ మరో గదిలో ఉంటాయి. దంచినప్పుడు రెండూ కలిసి అల్లిసిన్ పుడుతుంది. పొట్టు తీసిన రెబ్బను నేరుగా వేడి నూనెలో వేసినా, మరిగే నీళ్లలో వేసినా ఎంజైమ్ చచ్చిపోతుంది, ఇక అల్లిసిన్ ఏమంత పుట్టదు. కాబట్టి వెల్లుల్లి వేసి మరిగించిన కషాయానికి పచ్చి వెల్లుల్లికి ఉన్న బలం లేదు. దంచి పది నిమిషాలు ఆగాక వాడితేనే గుణం.

ఇప్పుడు మోతాదు. గ్రాము పచ్చి వెల్లుల్లి నుంచి సుమారు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల అల్లిసిన్ వస్తుంది. మూడు గ్రాముల రెబ్బను దంచి అరగ్లాసు, అంటే 100 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపితే మిల్లీలీటరుకు దాదాపు 100 మైక్రోగ్రాములు. నోటి బ్యాక్టీరియాను ఆపడానికి కావలసింది కొన్ని వందల మైక్రోగ్రాములు, అదీ గంటల తరబడి. అంటే అరగ్లాసుకు కనీసం పది గ్రాములు, మూడు నాలుగు రెబ్బలు పడాలి. ఆ నీళ్లు ఒక నిమిషం నోట్లో పట్టుకోవడం కష్టం. అంతకంటే పలచని వెల్లుల్లి నీళ్లతో లాలాజలంలో మ్యూటాన్స్ లెక్క తగ్గిన ప్రయోగాలు లేకపోలేదు. కానీ లాలాజలంలో తేలేవి తగ్గడం వేరు, పాచిలో కూర్చున్నవి తగ్గడం వేరు. పోనీ ముద్ద చేసి నేరుగా చిగురు మీద పెడదామా అంటే అది అసలే చేయకూడని పని. దంచిన వెల్లుల్లి కాసేపు ఆనించి ఉంచితే చిగురూ బుగ్గ లోపలి చర్మమూ కాలి, తెల్లగా పొర లేచి, పుండు పడుతుంది. నొప్పి ఉన్న పన్ను పక్కన రాత్రంతా వెల్లుల్లి పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి రెండు జబ్బులు. వెల్లుల్లిని పచ్చళ్లలో, కారప్పొడిలో తినండి. నోటికి మందుగా మాత్రం వద్దు.

మీ పిప్పి పన్నుకు వస్తే, లవంగం మంచి మాటే, కానీ దాని పని నొప్పి తగ్గించడం వరకే. లవంగ మొగ్గలో బరువులో ఆరో వంతు దాకా నూనె ఉంటుంది, ఆ నూనెలో 70 నుంచి 90 శాతం యూజినాల్. దంత వైద్యులు జింక్ ఆక్సైడ్‌తో కలిపి తాత్కాలికంగా పళ్లు నింపేది ఈ యూజినాల్‌తోనే. నాడిని మొద్దుబారుస్తుంది, తగిలిన చోట క్రిములనూ చంపుతుంది. ఒక లవంగం బరువు గ్రాములో పదో వంతు ఉంటుంది. నమిలితే పది మిల్లీగ్రాములకు పైగా యూజినాల్ బయటికి రావచ్చు. నోట్లో ఏ సమయంలోనైనా ఉండే లాలాజలం ఒక మిల్లీలీటరు ప్రాంతం కాబట్టి, ఆ కాసేపూ క్రిములను ఆపే మోతాదు అందుతుంది. మింగగానే అయిపోతుంది.

రాత్రిళ్లు సలుపుతోంది, పడుకుంటే ఎక్కువవుతోంది అన్నారు. అది పుచ్చు పంటి లోపలి గుజ్జు దాకా, నాడి దాకా చేరిందనడానికి గుర్తు. అక్కడికి లవంగమే కాదు, పుక్కిలించే ఏ మందూ చేరదు. రూట్ కెనాల్ గానీ, పన్ను తీయించడం గానీ తప్పదు. డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు ఓర్చుకోవడానికి ఇలా చేయండి. ముందు గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించి, పుచ్చులో ఇరుక్కున్న మెతుకు తీసేయండి. అర టీస్పూను కొబ్బరి నూనెలోగానీ నువ్వుల నూనెలోగానీ రెండు చుక్కల లవంగ నూనె కలపండి, అది సుమారు 4 శాతం అవుతుంది. ఆవగింజకు కాస్త పెద్దదిగా దూది ఉండ చేసి, ముంచి, పిండి, పుచ్చు గుంతలో మాత్రమే పెట్టండి. చిగురుకు తగలనివ్వకండి. పది నిమిషాలకు తీసేయండి. రోజుకు మూడుసార్లు, రెండు రోజులు, అంతకు మించి వద్దు. నేరుగా సీసాలోని నూనె ముంచి పెడితే చిగురు కాలుతుంది, మాటిమాటికీ పెడితే లోపలి గుజ్జుకే హాని. లవంగ నూనె లేకపోతే ఒక లవంగాన్ని పంటి పక్కన పెట్టి మెల్లగా కొరికి ఉంచండి, రసం ఊరాక పది నిమిషాలకు ఉమ్మేయండి.

రెండు జాగ్రత్తలు. లవంగ నూనె సీసా పిల్లలకు అందకూడదు. చిన్న పిల్లలు ఒకటి రెండు టీస్పూన్లు మింగి కాలేయం దెబ్బతిని, ఫిట్స్ వచ్చి ప్రాణాల మీదికి తెచ్చుకున్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. రెండేళ్ల లోపు పిల్లల చిగుళ్లకు ఎంత పలచగానైనా రాయవద్దు. ఇంకొకటి, డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు లవంగ నూనె పెట్టానని చెప్పండి. పంటి రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగ్ గట్టిపడకుండా యూజినాల్ అడ్డుపడుతుంది. చెప్పకపోతే కొత్త ఫిల్లింగ్ మెత్తగా ఉండి ఊడిపోవచ్చు.

నొప్పి ఉన్నట్టుండి పూర్తిగా తగ్గిపోతే సంతోషపడకండి. లోపలి నాడి చచ్చిపోయి ఉండవచ్చు. అప్పుడు క్రిములు వేరు కొన దాటి ఎముకలోకి దిగి చీము పడుతుంది. దవడ కింద గానీ నాలుక కింద గానీ వాపు వచ్చినా, నోరు తెరవడం కష్టమైనా, మింగడం ఇబ్బంది అయినా, జ్వరం వచ్చినా అది ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాల్సిన విషయం. వాపు గొంతు వైపు పాకితే ఊపిరాడదు.

అమ్మగారి చిగుళ్ల దగ్గరే మొక్కలు నిజంగా అక్కరకొస్తాయి, ఎందుకంటే క్రిములు బయట, అంచున ఉన్నాయి. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హారాల్డ్ లోయె అనే దంత వైద్యుడు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్లు తోముకోవడం మానేయమన్నాడు. పది రోజుల నుంచి మూడు వారాల లోపు అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో వాపు తగ్గింది. ఏ మందూ ఇవ్వలేదు, పాచి తీశారంతే. కాబట్టి రక్తం వస్తోందని అమ్మగారు అక్కడ తోమడం మానేస్తూ ఉంటే ముందు ఆ భయం పోగొట్టండి. మెత్తని బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్న కదలికలతో, రెండు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. మొదటి నాలుగైదు రోజులు రక్తం వస్తుంది, తర్వాత తగ్గుతుంది.

పుక్కిలించడానికి వంటింటి సరుకుల్లో నా ఓటు జామాకుకు. దాని వగరు టానిన్లది. అవి ప్రోటీన్లను పట్టేసి క్రిములు పంటికి అంటుకోకుండా అడ్డుపడతాయి, వాచిన చిగురును కాస్త బిగిస్తాయి. మ్యూటాన్స్‌ను ఆపే గ్వాయిజావెరిన్ అనే పదార్థాన్ని కూడా జామాకు నుంచే వేరు చేశారు. మరీ ముదురువి, మచ్చలున్నవి కాకుండా లేత ఆకులు ఎనిమిది పది తీసుకోండి, సుమారు పది గ్రాములు. కడిగి, చేత్తో నలిపి, 300 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి, సన్న మంట మీద పది నిమిషాలు కాచి, 200 మిల్లీలీటర్లకు దించండి. స్టీలు గిన్నె వాడండి. ఇనప మూకుడులో కాస్తే టానిన్లు ఇనుముతో కలిసి నల్లని సిరా అవుతుంది, పళ్లకు మరక అంటుతుంది. మూత పెట్టి చల్లార్చి, బట్టలో వడకట్టండి. మూడు నాలుగు టీస్పూన్లు నోట్లో పోసుకుని, పూర్తి నిమిషం అన్ని వైపులా తిప్పి ఉమ్మేయాలి. రోజుకు రెండుసార్లు, తోముకున్న అరగంటకు. తోమిన వెంటనే పుక్కిలిస్తే పేస్టులోని ఫ్లోరైడ్ కడుక్కుపోతుంది. తర్వాత అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. మిగిలినది ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంటుంది. వేసవిలో బయట పెడితే సాయంత్రానికే పులుపు వాసన వస్తుంది, అది పారబోయాలి. ఇందులో తేనెగానీ బెల్లంగానీ వేయకండి. వగరు తగ్గుతుందని వేస్తారు గానీ, అది మ్యూటాన్స్‌కు విందు భోజనం.

జామాకు దొరకకపోతే ఎండిన దానిమ్మ తొక్క పది గ్రాములు ఇదే విధంగా కాయవచ్చు. టానిన్లు ఇంకా ఎక్కువ, మరక కూడా ఎక్కువే. పంచదార లేని గ్రీన్ టీ కూడా పరవాలేదు. అందులోని కాటెకిన్లు మ్యూటాన్స్ జిగురు అల్లే ఎంజైమ్‌ను మందగింపజేస్తాయి.

అసలు ఎందుకు ఇన్నిసార్లు పుక్కిలించాలి? మెడికల్ షాపులో దొరికే క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం మందు పళ్లకు, బుగ్గ చర్మానికి అంటుకుని గంటల తరబడి మెల్లమెల్లగా విడుదలవుతుంది. మొక్కల కషాయాలు అలా అంటుకోవు, లాలాజలం ఊరే కొద్దీ కొట్టుకుపోతాయి. అందుకే వాటికి సమయం, సార్లు ముఖ్యం. ఆ మందుకూ లోపం ఉంది. రెండు వారాలు దాటితే పళ్లు, నాలుక గోధుమ రంగు తిరుగుతాయి, రుచి మారుతుంది. పైగా నోట్లో క్రిములన్నీ శత్రువులు కావు. పాలకూర, తోటకూర, బీట్‌రూట్, ముల్లంగిలో ఉండే నైట్రేట్‌ను నాలుక మీది కొన్ని బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తాయి, ఒళ్లు దాన్ని రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చుకుంటుంది. ఆమ్లం ఉన్న చోట నైట్రైట్ పుచ్చు తెచ్చే క్రిములకు కూడా ఇబ్బందే. క్లోర్‌హెక్సిడిన్ వారం రోజులు వాడితే ఈ మంచి క్రిములు తగ్గి రక్తపోటు కొద్దిగా పెరిగినట్టు తేలింది. కాబట్టి అది డాక్టరు చెప్పినప్పుడు, చెప్పినన్ని రోజులు. రోజూ ఆకుకూర తినడం మాత్రం నోటికి నేను గట్టిగా చెప్పే సలహా. దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ, మొక్కలు నోటికి చేసే మేలు పుక్కిలించి ఉమ్మేసేదాంట్లోనే లేదు.

పసుపు గురించి అమ్మగారికి చెప్పవలసింది ఒక్కటే, నీళ్లలో కలిపి పుక్కిలిస్తే లాభం తక్కువ. పసుపులో పని చేసే కర్క్యుమిన్ అనే పదార్థం నీళ్లలో దాదాపు కరగదు, పసుపు గ్లాసు అడుగున చేరుతుంది. నూనెలో కరుగుతుంది. పావు టీస్పూను పసుపులో అర టీస్పూను కొబ్బరి నూనె కలిపి, శుభ్రమైన వేలితో చిగుళ్ల మీద రెండు నిమిషాలు మెల్లగా మర్దనా చేసి, ఐదు నిమిషాలు ఉంచి, పుక్కిలించి, ఆ తర్వాత తోముకోవాలి. వారంలో మూడు నాలుగు రోజులు చాలు. వాపు తగ్గించడంలో పసుపుకు గుణం ఉంది. చిగుళ్ల వాపు మీద మనుషుల్లోనే పోల్చి చూసిన ప్రయోగాలు ఉన్నాయి, తోముకోవడానికి తోడుగా వాడినప్పుడు ఉపయోగపడింది. కల్లుప్పు కలిపి రుద్దమని కొందరు చెబుతారు, అది వద్దు. ఆ గరుకు పలుకులు చిగురును గీరి, వేరు బయటపడిన చోట పంటిని అరగదీస్తాయి. పళ్లకు కాంపోజిట్ ఫిల్లింగులు ఉంటే పసుపు పచ్చగా అవుతాయని తెలిసి వాడండి. పసుపు కొమ్ములు కొని ఇంట్లోనో మిల్లులోనో ఆడించుకోవడం మంచిది. మెరుగు కోసం లెడ్ క్రోమేట్ పూసే మోసం మన దేశంలో కొత్తది కాదు, అందులో ఉన్నది సీసం. మరీ నిగనిగలాడే పచ్చని కొమ్ముల కంటే మట్టి రంగులో ఉన్నవే నయం.

నూనె పుక్కిలించడం పాచిని కొంత తగ్గిస్తుంది, అది నిజం. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం ఉంది కాబట్టి క్రిములు చస్తాయని రాస్తారు. ఆ లారిక్ ఆమ్లం విడిగా లేదు, కొవ్వుగా కట్టుబడి ఉంది. పది నిమిషాల్లో నోట్లో విడిపోయేది స్వల్పం. లారిక్ ఆమ్లం లేని నువ్వుల నూనెతో కూడా ఇలాంటి ఫలితమే వచ్చింది. అంటే పని చేసేది ఎక్కువగా ఆ తిప్పడం, నూనె లాలాజలంతో చిలికినట్టయి జిగురును లాగడం. చేస్తే పరగడుపున ఒక టేబుల్ స్పూను, పది నిమిషాలు, ఉమ్మేది చెత్తబుట్టలో కాగితంలోకి. సింకులో వేస్తే పైపు మూసుకుపోతుంది. గొంతులోకి పోనివ్వకూడదు. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. పక్షవాతం వచ్చినవాళ్లు, మింగడం కష్టమైనవాళ్లు, చిన్న పిల్లలు చేయకూడదు. అమ్మమ్మగారికి ఇది వద్దు.

నిమ్మరసం, చింతపండు గుజ్జు, వెనిగర్ పళ్లకు రాయమనే సలహాలు ఎవరు చెప్పినా వినకండి. నిమ్మరసం పీహెచ్ రెండు, రెండున్నర మధ్య. పాచి పోయి పళ్లు తెల్లబడినట్టు కనిపించేది ఎనామెల్ కరగడమే, అది మళ్లీ రాదు. పులుపు తిన్నాక అరగంట దాకా తోముకోవద్దు కూడా. తమలపాకులో హైడ్రాక్సీచావికాల్ అనే మంచి క్రిమి నాశిని ఉంది, భోజనం తర్వాత ఒక ఆకు ఉత్తది నమిలితే అభ్యంతరం లేదు. వక్క చేరితే కథ మారిపోతుంది. పొగాకు లేకపోయినా వక్కతో కూడిన తాంబూలం మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది.

అమ్మగారికి రెండు వారాల గడువు పెట్టుకోండి. రెండు పూటలా బ్రష్, పళ్ల సందుల్లో సన్న బ్రష్ గానీ దారం గానీ, జామాకు కషాయం, పసుపు నూనె. పేస్టులో ఫ్లోరైడ్ 1000 నుంచి 1450 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) ఉండాలి. మీది నల్గొండ వైపు అని రాశారు, ఫ్లోరైడ్ పేరు వింటేనే భయం ఉంటుంది. పళ్ల మీద ఫ్లోరోసిస్ మచ్చలు వచ్చేది చిన్నతనంలో, పళ్లు తయారయ్యే వయసులో, తాగే నీళ్లతో లోపలికి వెళ్లిన ఫ్లోరైడ్ వల్ల. పెద్దవాళ్లు పేస్టుతో తోమి ఉమ్మేస్తే ఆ భయం లేదు. పధ్నాలుగో రోజుకు రక్తం ఆగకపోతే క్లీనింగ్ చేయించాలి. పాచి గట్టిపడి గార అయిపోయాక ఏ ఆకూ, ఏ నూనె దాన్ని కరిగించలేదు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. అప్పటికే ఎముక అరిగి వదులైన పళ్లను గార అతికించి పట్టుకుని ఉంటుంది. అది తీశాక అసలు సంగతి బయటపడుతుంది, అంతే. చిగురుకు, పంటికి మధ్య సందు నాలుగు మిల్లీమీటర్లు దాటితే పుక్కిలించినది అడుగుకు చేరదు. ఈ సందును కొలిచేది డాక్టరు దగ్గరి గీతల కడ్డీ ఒక్కటే, కాబట్టి ఒకసారి కొలిపించుకోండి.

షుగర్ విషయం పక్కన పెట్టకండి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు మానవు, చిగుళ్లలో వాపు ఉంటే షుగర్ దిగదు, రెండూ ఒకదాన్నొకటి లాగుతాయి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి ఆ కాగితం దంత వైద్యుడికి చూపించండి. పుక్కిలించి ఉమ్మే కషాయాలకు షుగర్ మాత్రలతో పేచీ లేదు. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే మాత్రం వెల్లుల్లి క్యాప్సూళ్లు, పసుపు మాత్రలు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టవద్దు. పన్ను తీయించుకున్న రోజు ఏదీ పుక్కిలించకూడదు. గుంతలో కట్టిన రక్తపు గడ్డ ఊడిపోతే ఎముక బయటపడి భరించలేని నొప్పి వస్తుంది. ఒక రోజు ఆగి, గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పుతో మొదలుపెట్టాలి.

అమ్మమ్మగారిది చాలావరకు క్యాండిడా అనే ఫంగస్ పని. లవంగ నూనె, వెల్లుల్లి రెండూ ల్యాబులో క్యాండిడాను చంపుతాయి. అయినా ఇక్కడ వాటితో ఉపయోగం ఉండదు, ఎందుకంటే ఫంగస్ కాపురం ఉండేది కట్టుడు పళ్ల ప్లేటులోని కంటికి కనిపించని రంధ్రాల్లో. అంగిలి మీద ఏది రాసినా, మళ్లీ అదే ప్లేటు పెట్టుకుంటే మర్నాటికి మొదటికొస్తుంది. రాత్రి తప్పకుండా తీసి పడుకోవాలి. ప్లేటును మెత్తని బ్రష్‌తో, సబ్బు నీళ్లతో లోపలి వైపు బాగా తోమి, కట్టుడు పళ్ల కోసం అమ్మే మాత్ర వేసిన నీళ్లలో సీసా మీద రాసినంత సేపు ఉంచి, కడిగి, రాత్రంతా మామూలు చల్లని నీళ్లలో వేయాలి. మరిగే నీళ్లు పోస్తే ప్లేటు వంగుతుంది, టూత్‌పేస్ట్‌తో తోమితే గీతలు పడి ఫంగస్‌కు కొత్త ఇళ్లు అవుతాయి, పసుపు తగిలితే పచ్చగా మారుతుంది. అంగిలిని తడి మెత్తని గుడ్డతో రోజుకోసారి తుడవండి. ఆస్తమా పంపు వాడుతుంటే, పీల్చాక నీళ్లతో పుక్కిలించి ఉమ్మాలి. వారంలో ఎరుపు తగ్గకపోతే నిస్టాటిన్ లాంటి ఫంగస్ మందు డాక్టరు రాస్తారు, ప్లేటు కూడా సరిచూస్తారు.

ఆవిడ శ్రీకాకుళం వైపు పుట్టి పెరిగారన్నారు కాబట్టి ఒక్క మాట అడగండి. అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అలవాటు ఎప్పుడైనా ఉందా అని. ఆ అలవాటు ఉన్నవారికి అంగిలి మీద తెల్లని మందపాటి పొర, అందులో చిన్న ఎర్రని చుక్కలు, ఒక్కోసారి ఎర్రని మచ్చ గానీ పుండు గానీ వస్తుంది. క్యాండిడా తెల్లపొర సాధారణంగా గుడ్డతో తుడిస్తే వస్తుంది, ఇది రాదు. తుడిస్తే రాని తెలుపు, రెండు వారాలు దాటి మానని పుండు, అంగిలిలో గట్టిపడిన చోటు, వీటిలో ఏది ఉన్నా కషాయాల కోసం వెతకకుండా ఈ వారమే నోటి వైద్య నిపుణుడికి చూపించి, అవసరమైతే ముక్క పరీక్ష చేయించండి.